చత్వారం దాచిన అక్క

డిగ్రీలో చేరేనాటికి ఆమెకు నలభై రెండేళ్లు. ఇరవై ఏళ్లుగా తమ్ముడి కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తోంది. వెలుతురు గాజులోకి వెళ్లి ఎందుకు వంగుతుందో తెలుసుకోవాలని పుట్టిన పిచ్చి ఆమెను ఫిజిక్స్ క్లాసులో కూర్చోబెట్టింది. దేశదేశాల పిల్లలు చదివే యూనివర్సిటీ అది. అందరికీ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు. మొదటివారమే అందరూ ఆమెను "అక్కా" అనేశారు. బస్సు నడిపే భర్త మాత్రం, "కాలేజీ పిల్లా, టిఫిన్ ఏం చేశావ్?" అని ఏడిపించేవాడు.

ల్యాబులో ఆమెకు జోడీగా వేసిన అమ్మాయి వేరే దేశం నుంచి వచ్చింది. తెలుగు పట్టుబడినా అడిగితే తప్ప నోరు విప్పదు. క్లాసంతా ఆ పిల్లకు 'మూగనోము' అని పేరు పెట్టింది. చేతిరాత మాత్రం ముత్యాల కోవ. అందుకని ఒక ఒప్పందం కుదిరింది: అక్క కొలిచి చెబుతుంది, మూగనోము రాస్తుంది.

ఆ రోజు ప్రిజం ప్రయోగం. చీకటిగదిలో పసుపుపచ్చటి సోడియం దీపం, గాజుముక్క, దుర్భిణి. వెలుతురు ఎన్ని డిగ్రీలు వంగిందో గుండ్రటి పళ్లెం అంచున చెక్కిన సన్నగీతల్లో చదవాలి. అక్క వంగి చూసింది. గీతలన్నీ అలుక్కుపోయి కనిపించాయి. ఆమెకు చత్వారం వచ్చి ఏడాది దాటింది. ఊరందరికీ కళ్లద్దాలు పెట్టిన మనిషి తను పెట్టుకోలేదు. ఈ పిల్లల మధ్య ముక్కు మీద చత్వారం అద్దాలతో అమ్మమ్మలా కూర్చోడానికి మనసొప్పలేదు.

"ఎంతక్కా?" అంది మూగనోము.

ఒక సీనియర్ రికార్డు పుస్తకం అక్క ఇంట్లో నెల్లాళ్లుగా ఉంది. అందులో ఈ ప్రయోగం జవాబు ఆమెకు కంఠతా వచ్చు. "నలభై ఎనిమిది డిగ్రీల పన్నెండు నిమిషాలు," అంది, పళ్లెం మీంచి తల ఎత్తకుండానే. తర్వాత చెప్పినవన్నీ దానికి అటూ ఇటూగా అల్లినవే. ఆ పిల్ల నమ్మి పొందికగా రాసింది.

వారం తర్వాత ల్యాబు మాస్టారు ఇద్దరినీ పిలిచారు. ఆయన అక్కకంటే పదేళ్లు చిన్న. రికార్డు బల్లమీద పడేసి, "అందరికీ యాభై ఒకటి వస్తే మీకు నలభై ఎనిమిది ఎలా వచ్చింది? పాత ప్రిజం పగిలిందని ఈ ఏడు వేరే గాజు పెట్టాం. ఇది పోయినేటి లెక్క," అన్నారు. మూగనోము వైపు తిరిగారు. "రాత నీదేగా? ఎక్కడ చూసి ఎక్కించావ్?"

ఆ అమ్మాయి నోరు తెరిచి అక్క వైపు చూసింది. అక్క తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"మీరు పెద్దవారు," అన్నారాయన అక్కతో. "ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నారు. ఈ పిల్లల దొంగతెలివి మీకేం తెలుస్తుంది? వచ్చేవారం మళ్లీ చేయండి."

ఆ మన్నన ఆమెను కాపాడింది. మూగనోముకు సున్నా, చేతిలో హెచ్చరిక కాగితం. ఆ పిల్ల అక్క పేరెత్తలేదు.

మూడు రోజులు అక్కకు ముద్ద దిగలేదు. "ఏంటి, మొహం అలా పీక్కుపోయింది?" అని భర్త అడిగితే తలనొప్పి అంది. నాలుగోనాడు క్యాంటీన్ వెనక మెట్లమీద మూగనోము ఫోన్లో మాట్లాడుతూ కనిపించింది. భాష అక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నేను కాదమ్మా, నేను కాదు అని వెక్కుతున్న ఆ గొంతు ఏ భాషలోనైనా ఒకటే. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

అక్కడినుంచే మాస్టారి గదికి వెళ్లింది.

"అంకెలు నేను చెప్పినవి సార్. ఆ పిల్లకేం తెలీదు."

"ఎందుకు చెప్పారు?"

"కళ్లు కనిపించక," అంది. "కనిపించట్లేదని చెప్పడానికి సిగ్గేసి."

ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు. "అవతలి పిల్లకి హెచ్చరిక రాస్తుంటే పక్కనే నిలబడ్డారు కదండీ," అన్నారంతే. చెంప మీద కొట్టినా ఆమెకు అంత నొప్పి పుట్టేది కాదు.

హెచ్చరిక కాగితం అక్క పేరుకు మారింది. ఆ ల్యాబులో ఫెయిలైంది, దాంతో ఒక ఏడాదీ పోయింది. ఆ సాయంత్రమే దుకాణంలో తన అద్దాలు తనే అరగదీసుకుంది. తమ్ముడు విషయమంతా విని, "నాతో చెప్తే ఐదు నిమిషాల పనేగా అక్కా!" అన్నాడు.

క్షమించమని అడిగినప్పుడు మూగనోము నెమ్మదిగా, "ఆ రోజే చెప్పాల్సింది," అంది. మరుసటి వారం క్లాసులోనూ దూరంగా వేరే బెంచీకి మారిపోయింది. వరండాలో ఎదురైతే తలూపి వెళ్లిపోయేది, అంతే.

రెండేళ్లకు ఆ పిల్ల డిగ్రీ ముగిసింది. వెళ్లిపోయే రోజు దుకాణం వెతుక్కుంటూ వచ్చి, చివరి ఏడాది నోట్సు కట్ట గల్లాబల్ల మీద పెట్టింది.

"నీకింకో ఏడాది ఉందిగా. పనికొస్తాయి."

"కూర్చో తల్లీ, మంచినీళ్లయినా..."

"బస్సుకి టైమైంది అక్కా."

కట్ట విప్పితే ప్రతి పేజీలోనూ అదే ముత్యాల కోవ. అక్క తలెత్తేసరికి ఆ పిల్ల వీధి మలుపు తిరిగిపోయింది. తమ్ముడు ఎవరక్కా అని అడిగాడు. అక్క చత్వారం అద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది.