రాక్షసుడి ప్రదక్షిణ

మొన్న మా అక్క కొడుకు ఫోన్లో ఏదో ఆట ఆడుతున్నాడు. ఎటు వెళ్లాలో నేల మీద బాణం గుర్తు చూపిస్తుంటే వీడు దాని వెంటే పోతున్నాడు. అడుగడుగుకీ దారి చెబితే అదేం ఆట! నాకు తిరుచానూరులో ముబీనా వాళ్లింట్లోని పాత కంప్యూటరు గుర్తొచ్చింది.

ముబీనాదీ నాదీ ఒకే బడి. వాళ్ల నాయన టైలరు కావడంతో కంప్యూటరున్న గదిలో ఎప్పుడూ కొత్త గుడ్డ వాసన వచ్చేది. మా ఆటలో కత్తి పట్టిన వీరుడొకడు చీకటి గుహల్లో తిరిగేవాడు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. మలుపు తిరిగితే ఏముంటుందోనన్న ఆత్రమే మమ్మల్ని నడిపించేది.

ఒకరోజు గుహలో చిన్న రాతి గుడి కనిపించింది. దాన్ని తాకితే తగ్గిన ప్రాణం నిండుతుందని మాకు తెలియదు. గుడి కదా అని నేను వీరుడి చేత ప్రదక్షిణ మొదలుపెట్టించాను. ఇంతలో కొమ్ముల రాక్షసుడొకడు మీదికొచ్చాడు. మావాడికి ప్రాణం కాస్తే మిగిలింది.

“కొట్టు మే, మనోడు సచ్చిపోతాడు!” అని ముబీనా అరిచింది.

“ప్రదక్షిణం మధ్యలో ఆపకూడదు మే, పాపం వస్తాది,” అన్నాను.

రాక్షసుడు కూడా మా వెనకే గుడి చుట్టూ తిరగసాగాడు. ముబీనా తెర దగ్గరికి వంగి వాడినే చూసింది.

“వాడు గూడా మొక్కుకున్నాడేమో మే. కొట్టొద్దులే.”

మా అమ్మ పిలిచేదాకా ఇద్దరినీ అలాగే తిప్పాం.

వీరుడి వెంట పడడం తప్ప ఆ రాక్షసుడికి ఇంకేమీ రాదని తర్వాత తెలిసింది. తెలిశాక ఆట గెలిచాం కూడా. గెలిచిన రోజు ఏం జరిగిందో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.