సూదికి బంద్ లేదు

ఖాలా పోయిందన్న మాట మా ఆయన తెచ్చాడు. ఆ రోజు బంద్. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం వీధి చివరిదాకా వెళ్లినవాడు ఉత్త చేతులతో తిరిగివచ్చి, చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు.

"ఖాలా లేదు," అన్నాడు.

నేను వెనక వాకిలి ఊడుస్తున్నాను. "నల్లా కాడికి పోయింటది," అన్నాను.

"లేదే. పోయింది. ఆమె గదిల జనం చేరిన్రు. తెల్లారంగ పానం పోయిందట."

చీపురు చేతిలోనే ఉండిపోయింది. నిన్న సాయంత్రమే కదా, నా చేతిలో ఒక బొమ్మను పెట్టి పంపింది అనుకున్నాను. ఆ బొమ్మ మా ఇంట్లో బియ్యం డబ్బా మీద కూర్చుని ఉంది. ఒంటి మీద ఆకుపచ్చ చోళీ, దానికి ఒకటే చెయ్యి.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఆమెకూ మాకూ చుట్టరికం లేదు. సిద్దిపేటలో మేము ఆమె ఇంట్లోనే కిరాయికి ఉంటాము. ముందు గది ఆమెది, వెనక రెండు గదులు మావి. మధ్యలో ఒక గోడ. ఆమె మిషను తొక్కుతుంటే మా గోడకు తగిలించిన క్యాలెండరు కదిలేది.

ఆమె బొమ్మలకు బట్టలు కుట్టేది. పిల్లలు ఆడుకునే బొమ్మలకు కాదు. అద్దాల బీరువాలో దాచుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల బొమ్మలకు. హైదరాబాదులో ఒక మేడం అలాంటి బొమ్మలను కూడబెట్టేది. జానెడు పొడుగు బొమ్మలు, చేతులూ కాళ్లూ వంగేవి. వాటితో పాటు పాతకాలపు ఆడవాళ్ల ఫొటోలకు నకళ్లు పంపేది. బుట్టచేతుల రవికలు, లేసు పట్టీల గౌన్లు, నవాబుల కాలపు పెళ్లి దుస్తులు. ఫొటోలో ఉన్నట్టే ఖాలా కుట్టి ఇవ్వాలి. ఖాలా వాళ్లమ్మ ఒకప్పుడు హైదరాబాదులో దేవిడీల్లో, అంటే నవాబుల భవంతుల్లో, ఆడవాళ్లకు బట్టలు కుట్టిందట. ఆ కత్తిరింపులన్నీ ఆమె చేతికి తల్లి దగ్గరి నుంచి వచ్చినవే.

నేను పెళ్లై ఆ ఇంటికి వచ్చినప్పుడు తల ఎత్తి మాట్లాడేదాన్ని కాదు. ఏడో తరగతితో బడి మానేసి, మా నాయిన మగ్గం పక్కన కండెలు చుట్టుకుంటూ పెరిగాను. కొత్త మనుషులంటే గొంతు పెగలదు. ఒకరోజు ఖాలా తలుపు సందులోంచి నన్ను చూసింది.

"లోపలికి రా బేటీ. తలకాయ ఎత్తకున్నా మంచిదే. సూది పనికి తల దించుకునే ఉండాలె."

అలా వెళ్లి కూర్చున్నాను. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కడే.

మా అత్తమ్మకు అది నచ్చేది కాదు. "బొమ్మలకు బట్టలు కుట్టుడేందే? నీ మొగని అంగీకి గుండీ లేదు," అని గోడకు వినపడేటట్టు అనేది. గోడ అవతలి నుంచి ఖాలా జవాబు వచ్చేది. "గా అంగీ ఇటు పంపు వదినె, గుండీ నేను కుడుత. పిల్లను మాత్రం ఆపకు." వాళ్లిద్దరూ ఇలా గోడ మీదుగానే కొట్లాడుకునేవారు. సాయంత్రం గడప మీద కూర్చుని ఒకే డబ్బాలో తమలపాకులు పంచుకునేవారు.

బొమ్మల బట్టలకు ఆమె కొత్త గుడ్డ వాడేది కాదు. బజారులో ఎవరి చీర చిరిగినా, ఎవరి దుపట్టా వెలిసినా ఆమె దగ్గరికి వచ్చేది. వాటిలో కూడా భుజం మీద ఒరుసుకున్న చోటు, నడుము దగ్గర నలిగిన చోటు చూసి కత్తిరించేది. కట్టి కట్టి మెత్తబడ్డ గుడ్డ అయితేనే జానెడు మనిషి మీద నిజం చీరలా జారుతుందని చెప్పేది. అలాంటి ముక్కలన్నీ ఒక పాత దుప్పట్లో మూటకట్టి మిషను కింద పెట్టుకునేది.

మొదట్లో నాకు ఇది అర్థం కాలేదు. మాది నేసే ఇల్లు. గంజి పెట్టని చీర మా అవ్వ దృష్టిలో చీరే కాదు. ఒకసారి ఖాలా ఊర్లో లేనప్పుడు ఆమె మెచ్చుకోవాలని, మూటలో ముక్కలను ఉతికి, చిక్కటి గంజిలో ముంచి, తాడు మీద వరసగా ఆరేశాను. వాటిలో ఒకదాన్ని లంగాగా కుట్టి బొమ్మకు తొడిగాను కూడా. అది నాలుగు వైపులా విచ్చుకుని నిలబడింది. ఖాలా వచ్చి చూసింది. బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"బాగుంది బేటీ. వానకాలం పనికొస్తది. మేడంకు చెప్త, ఛత్రీ పంపినమని."

ఇద్దరం కూర్చుని ముక్కలన్నీ మళ్లీ నానబెట్టి, గంజి పోయేదాకా పిండాము. ఆమె ఒక్క మాట గట్టిగా అనలేదు. చివరి ముక్క ఆరేస్తూ, "కొత్తదానికి గంజి కావాలె, పాతదానికి ఓపిక కావాలె," అంది. అంతే.

ఆమెకు ఇంకో పట్టు ఉండేది. బొమ్మ ఒంటి మీది బట్టలు విప్పి మళ్లీ తొడిగేటట్టు ఉండాలి. చిటికెన వేలి గోరంత కొక్కేలు పెట్టేది. పని తొందరగా అవుతుందని మేడం ఒకసారి ఫోన్లో గోందుతో అంటించమని అడిగింది. "గోందు పెడితే గది బట్ట కాదమ్మా, రంగు," అంది ఖాలా. మేడం నవ్వి, సరే నీ ఇష్టమంది. లోపలి అంచులు కూడా మడిచి సన్నగా కుట్టించేది నాతో. ఒకసారి విసుగొచ్చి అడిగాను.

"లోపలి కుట్టు ఎవరు చూస్తరు ఖాలా?"

"విప్పినోళ్లు చూస్తరు."

అప్పుడే తెలంగాణ ఉద్యమం ఊరంతా పాకింది. ఈ రోజు బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. బస్సులు లేవు, కరెంటు ఉండదు. ఖాలా మిషను వదిలి చేతి కుట్టుకు దిగింది. "బంద్ బస్సులకు, సూదికి కాదు," అనేది. సూదీ దారం తీసుకుని చౌరస్తాలోని దీక్షా గుడారంలోకి వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చునేది. అక్కడి ముచ్చట్లు సాయంత్రం నాకు చెప్పి నవ్వించేది. ఎవరో ముసలాయన అడిగాడట.

"ఏం ఖాలా, తెలంగాణకు అంగీ కుడుతున్నవా?"

"కుట్టద్దా మరి? వచ్చినంక ఉత్త ఒంటితోని నిలవెడ్తమా?"

"పుట్టకముందు కుట్టద్దంటరు ఖాలా."

"గది మీ ఇంట్ల. మా ఇంట్ల ముందే కుట్టి పెడ్తం. పుట్టుడు ఖాయమైనప్పుడు భయమేంది?"

నన్నూ రమ్మని ఎన్నోసార్లు పిలిచింది. అంతమందిలో కూర్చోవడం నా వల్ల కాదని నేను వెళ్లలేదు.

మేడం హైదరాబాదులో బొమ్మల ప్రదర్శన పెడుతోంది. పాత కాలపు పెళ్లి ఒకటి మొత్తం కావాలంది. పెళ్లికూతురు, తల్లి, చుట్టాలు, పాటలు పాడేవాళ్లు. చుట్టాలందరూ తయారై అట్టపెట్టెలో చేరారు. పెళ్లికూతురు మిగిలింది. ఆమె చోళీకి ఖాలా వాళ్లమ్మ పాత పట్టు గుడ్డ తీసింది. ఆకుపచ్చది, దూది కన్నా మెత్తగా ఉంది. "ఇంతే ఉంది. కత్తెర తప్పితే మళ్ల లేదు," అంటూ ఊపిరి బిగబట్టి కత్తిరించింది. ఆ మధ్య నుంచే ఆమెకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానకు పోదామంటే, పెళ్లిపిల్లను సాగనంపి పోదామనేది.

చివరి సాయంత్రం చోళీకి ఒక చెయ్యి మాత్రం మిగిలింది. ఆ ముక్కకు అంచు మొదలుపెట్టి, ఆయాసపడి ఆపేసింది.

"రేపు గీ చెయ్యి నువ్వు కుట్టు. నేను చూసుకుంట కూసుంట."

"నాతోని కాదు ఖాలా. పాడైతే గుడ్డ కూడ లేదు."

"అయితది. ఇగో, పిల్లను తీస్కపో. రాత్రంత దాని మొకం చూడు, రేపటికి ధైర్యమొస్తది."

అందుకే బొమ్మ మా ఇంట్లో ఉంది. చెయ్యి ముక్క మాత్రం ఆమె మూటలో ఉండిపోయింది.

బంద్ రోజు కావడంతో దుకాణాలన్నీ మూసి, బజారంతా ఆమె వెంట నడిచింది. గజ్వేల్‌లో కూరగాయల వ్యాపారం చేసుకునే కొడుకు ఎవరి బండి మీదో వచ్చి చేరాడు. మూడో రోజు ప్రార్థనలు అయ్యాక వాళ్లు గది సర్దడం మొదలుపెట్టారు. ఆ మూట అడగాలని నేను బొమ్మను పట్టుకుని వాకిట్లోనే తచ్చాడాను.

"మూడొద్దులు నిండినయో లేదో, పోయి పీలికలడుగుతవా? నలుగురు ఏమనుకుంటరు?" అంది అత్తమ్మ. కోపంగా కాదు, కళ్లు తుడుచుకుంటూనే.

నిజమే అనుకుని ఆగాను. మళ్లీ చూసేసరికి మిషను కింద ఖాళీగా ఉంది. ఎలా వచ్చిందో తెలియదు, గొంతు వచ్చింది. ఖాలా కొడుకును అడిగాను.

"అన్నా, గీడ ఒక మూట ఉండె."

"చిరుగు పీలికలదా చెల్లె? ఇప్పుడే చెత్త ట్రాక్టర్ల ఏసిన. పనికొచ్చేదా గది?"

నేను పరుగెత్తాను. పెళ్లయ్యాక ఆ బజారులో నేను పరుగెత్తడం అదే మొదలు. ట్రాక్టరు మలుపు తిరిగిపోయింది. ఇక దొరకదనుకుంటూనే చౌరస్తా దాకా వెళ్లాను. అక్కడ రాస్తారోకో. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, వాటి మీద అన్నం గుండిగలు, చుట్టూ ఆడవాళ్లు. బస్సులూ లారీలూ ఆగిపోయాయి. వాటి వెనకే చెత్త ట్రాక్టరు. డ్రైవరు దిగి బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, గా మూట మాది," అన్నాను.

"గట్టిగ చెప్పు చెల్లె. మైకు మోతల ఏం ఇనవడ్తలేదు."

అందరూ నన్నే చూస్తున్నారు. బొమ్మను గుండెకు అదుముకున్నాను. "గా మూట మా ఖాలాది. నాకు గావాలె. అది తీసుకోకుంట నేను పోను," అన్నాను. మైకులో మాట్లాడేవాళ్లు కూడా ఆగారు.

గుండిగ కలుపుతున్న పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది. "ఎవల కోడలువే నువ్వు? ఎన్నడు కండ్లవడలె."

"బొమ్మల బట్టలు కుట్టే ఖాలా ఇంట్ల కిరాయికుంట."

"మన గుడారంల కూసునే ఖాలానా? అయ్యో బిడ్డా." పక్కవాళ్ల వైపు తిరిగింది. "జరుగుండ్రి. పిల్లకు జాగ ఇయ్యిండ్రి."

డ్రైవరు మూటను దించి, దుమ్ము దులిపి ఇచ్చాడు. అక్కడే రోడ్డు మీద, వాళ్ల మధ్య కూర్చుని ముడి విప్పాను. ఆకుపచ్చ ముక్క అన్నిటికంటే పైనే ఉంది. దానికి ఖాలా సూది గుచ్చినట్టే ఉంది, సూదిలో దారం ఎక్కించే ఉంది. ఇంటికి వెళ్లాక కుడదామనుకున్నాను. కానీ ఇంటికి వెళ్తే మళ్లీ భయపడతానని నాకు తెలుసు. తల దించుకుని, ఆమె ఆపిన చోట మొదలుపెట్టాను.

సగం చెయ్యి దాకా ఆమె దారమే వచ్చింది. అది అయిపోయాక మూటలోంచి ఇంకో పచ్చ దారం తీసి ఎక్కించాను. రంగు కొద్దిగా తేడా. రెండోసారి అంచు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టాను. ఎవరో విస్తరాకులో అన్నం పెట్టి నా పక్కన ఉంచారు. కుట్టడం అయ్యాకే తిన్నాను.

బస్సులు నడిచిన రోజు పెళ్లికూతురు హైదరాబాదు వెళ్లింది. పెట్టెలో పెట్టేముందు ఖాలా చేసినట్టే కొక్కేలన్నీ విప్పి మళ్లీ పెట్టి చూశాను. పచ్చ చోళీ రెండు చేతులతో ఒద్దికగా కూర్చుంది. ఎడమ చెయ్యి లోపల, ఆమె దారం ఆగి నా దారం మొదలైన చోట ఆవగింజంత ముడి ఉంది. బయటికి కనిపించదు. విప్పినోళ్లు చూస్తారు.