డీకన్ బొటనవేలు

డీకన్ బార్ఫీల్డ్ గారికి ఏ ఆటలో ఎవరు గెలిచారో ఎప్పుడూ తెలీదు. ముప్పై ఏళ్ళుగా శనివారం శనివారం కాలేజీ ఫుట్‌బాల్, చేతులతో బంతి విసిరి పట్టే అమెరికన్ ఫుట్‌బాల్, చూస్తున్న మనిషి. పై వరసలో కూర్చుని బైనాక్యులర్స్ ఒకే ఒక్క కుర్రాడి కాళ్ళ మీద పెడతారు. ఆట ముగిసేదాకా తియ్యరు. ఇంటికొచ్చే దారిలో పెట్రోలు బంకు దగ్గర ఎవరైనా "ఎంత కొట్టారు డీకన్?" అంటే నావైపు చూస్తారు. స్కోరు నేను చెప్పాలి.

నేను ఆయన దగ్గర రాయడానికి కుదిరాను. కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు అల్లం కొమ్ముల్లా అయిపోయాయి, పెన్ను నిలవదు. మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు నేను పదో తరగతి మధ్యలో బడి మానేశాను. మళ్ళీ వెళ్ళలేదు. చేతిరాత మాత్రం బాగుంటుంది. ఆయన డీకన్‌గా, అంటే సంఘ పెద్దగా, ఉన్న మా చర్చిలో ఎవరి కోసం ప్రార్థించాలో ఆ పేర్లు బోర్డు మీద రాసేదాన్ని. అది చూసి పిలిచారు. మాట్లాడటం నాకు చేతకాదని ఆయనకి తెలుసు. "మాట్లాడేవాళ్ళు నాకు అక్కర్లేదు, ఐవరీ. చూసేవాళ్ళు కావాలి," అన్నారు.

అసలు ఆయన ఉద్యోగం పోస్ట్‌మన్. మిసిసిపీ డెల్టాలో, పత్తి చేల మధ్య కంకర రోడ్ల మీద ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచారు. ఏ ఇంటి కుక్క ఏ పిల్లాణ్ణి తరుముతుందో ఆయనకి తెలుసు. ఒక ఇంట్లో ఒక పిల్లాడు కుక్కకి వీపు చూపించకుండా, దాని కళ్ళలోకే చూస్తూ, వెనక్కి వెనక్కి పరిగెత్తి వసారా ఎక్కేవాడట. ఆయన ఆ సంగతి ఒక కాలేజీ కోచ్‌కి ఉత్తరంలో రాశారు. ఆ పిల్లాడు తరవాత జీతాలిచ్చే పెద్ద జట్టులో ఆరేళ్ళు కార్నర్‌గా ఆడాడు. కార్నర్ పని అదే కదా, అవతలి జట్టులో బంతి పట్టడానికి దూసుకొచ్చేవాడికి ఎదురుగా నిలబడి, వెనక్కి పరిగెత్తుతూ, వాడి చేతిలో బంతి పడకుండా చూడటం. అప్పట్నుంచి ఆ పెద్ద జట్టు ఆఫీసువాళ్ళు ఈయన్ని అడగడం మొదలుపెట్టారు. మా వైపు ఏ కార్నర్ పనికొస్తాడు, ఎవడు పనికిరాడు అని.

ఆయన నివేదిక మూడు పేజీలు. నడుము తిరిగే తీరు, పాదాలు, చూపు, చేతులు, మీద పడి పడగొట్టే ధైర్యం. ఆఖర్న ఒక అంకె, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడని. ఆఫీసువాళ్ళు ముందు చూసేది ఆ ఆఖరి అంకెనే.

మా ఊరి కాలేజీలో జేవియన్ టాలివర్ మూడో ఏడు ఆడుతున్నాడు. వాడి దగ్గరికి వచ్చేసరికి డీకన్ గారికి ఎటూ పాలుపోలేదు. మొన్న శీతాకాలం దాకా పదకొండు ఆటలు చూశాం. వాడి వైపు బంతి వేసింది పందొమ్మిదిసార్లు. అంతే.

"రాయి. 'నడుము నూనె పెట్టిన తలుపులా తిరుగుతుంది.'"

రాశాను.

"కొట్టెయ్. 'వీడికి ఇంకా పరీక్షే జరగలేదు' అని రాయి."

"కొట్టెయ్యాలా సర్, రెండూ ఉంచాలా?"

"వీడికి భయపడి బంతి వెయ్యడం లేదా? లేకపోతే అవతలి పక్క కాసేవాడు మరీ గుడ్డివాడని అటే వేస్తున్నారా? నువ్వేమంటావ్?"

 మైదానం అవతలి పక్క కాసే మా రెండో కార్నర్ మొదటి ఏడు కుర్రాడు. వాడు గుడ్డివాడన్నదీ నిజమే.

జనవరి మొదట్లో జేవియన్ వాళ్ళమ్మ ఒరీతా టాలివర్ వచ్చింది. క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో చేపలు కోసే వరసలో నిలబడి చేసే పని ఆమెది. వేడి టమాలేలు, మాంసం కూరిన పిండి మొక్కజొన్న పొత్తు ఆకుల్లో చుట్టి దారంతో కట్టినవి, గిన్నె నిండా తెచ్చింది. కూర్చోలేదు.

"డీకన్ గారూ, పదిహేనో తారీఖులోగా వాడు పేరిచ్చేయాలట. ఇస్తే పెద్ద జట్లవాళ్ళు చూస్తారు. ఇచ్చాక కాలేజీకి మళ్ళీ ఆడనివ్వరు. ఆడకపోతే ఫీజు లేని చదువూ పోతుంది. ఎవరూ తీసుకోలేదనుకోండి, రెంటికీ చెడ్డ రేవడవుతాడు. వాడికి ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తున్నారు. నాకు మీ మాట కావాలి."

"కూర్చో ఒరీతా."

"కూర్చుంటే లేవలేను. పన్నెండు గంటలు నిలబడి వచ్చా. వాడు ఎంత వేగమో చెప్పండి చాలు."

శనివారం పొద్దున్న హైస్కూల్ మైదానానికి వెళ్ళాం. రాత్రి వాన పడింది, కానీ పరుగుల బాట ఆరింది. జేవియన్ చలికి చేతులు రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"పెన్ను మేడమ్! నా పేరు తప్పు రాసేరు, చెక్కు ఇంకెవడికో పోతుంది."

నేను తల వంచుకున్నాను.

"మాట్లాడదేంటి సర్ ఈవిడ? అంత ఘోరంగా ఉందా నా సంగతి?"

"నువ్వు పరిగెత్తు నాన్నా. నోటితో కాదు," అన్నారు డీకన్.

ఆయన పరుగు ముగిసే గీత దగ్గర, సెకన్లు లెక్కపెట్టే గడియారం పట్టుకుని నిలబడ్డారు. అది పోస్టాఫీసులో ఉన్నప్పుడు కొన్న స్టీలు గడియారం. ఆయన కాలంవాళ్ళు బొటనవేలితోనే నొక్కుతారు. చూపుడువేలితో నొక్కేవాణ్ణి చూస్తే "కొత్తగా వచ్చాడు పాపం" అనుకుంటారు. నేను అంకె రాసుకోవడానికి పక్కనే నిలబడి ఆ వేలినే చూస్తున్నాను.

జేవియన్ చెయ్యి నేల మీంచి లేచింది. మొదటి అడుగు పడింది. అప్పుడు దిగింది బొటనవేలు.

పరుగు ఆఖర్న మాత్రం వాడు వస్తుండటం ఆయనకి ముందే కనబడుతోంది కదా, వేలు సిద్ధంగా ఉంది. గీత దాటగానే సరిగ్గా నొక్కారు.

"నాలుగు పాయింట్ మూడు ఎనిమిది!"

రెండోసారి నాలుగు పాయింట్ మూడు ఆరు. ఒరీతా కంచె పట్టుకుని "జీసస్! ఓ నా జీసస్!" అని ఏడ్చేసింది. జేవియన్ బాట మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ నవ్వుతున్నాడు. నాలుగున్నర దాటితే మా కాలేజీలాంటి చిన్నచోటు నుంచి ఎవర్నీ తీసుకోరు. నాలుగు ముప్పై ఎనిమిదంటే ఫోన్లు వాటంతటవే మోగుతాయి.

నేను కాగితం మీద అంకె రాయలేకపోయాను. చూసింది నిజమేనా? నేను చూసిందెంత, రెప్పపాటు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషికి నేను చెప్పేదేంటి?

మర్నాడు చర్చి అయ్యాక ఆయన వంటింట్లో కూర్చుని మంచి కాగితం మీద ఎత్తి రాశాను. మూడో పేజీ చూసి ఆయన కళ్ళద్దాలు పైకి తోశారు.

"అంకె ఏది?"

నేను పెన్నుకి మూత పెట్టాను.

"నోట్లో ముద్ద ఉందా అమ్మాయ్?"

చెయ్యి చాపి ఆయన బొటనవేలు చూపించాను. మొదట్లో అది ఆలస్యంగా దిగుతోందని, అందుకే అంకె తగ్గుతోందని తరవాత ఎలాగో చెప్పాను.  ఆయన లేచి, సొరుగులోంచి రెండో గడియారం తీసి నాకిచ్చి, టీవీలో జేవియన్ ఆట పెట్టారు.

"బంతి కదలగానే నొక్కు. వాడు ముప్పై గజాల గీత తొక్కగానే ఆపు. నేనూ నొక్కుతాను. నువ్వు చూపుడువేలితో."

పదిసార్లు నొక్కాం. తొమ్మిదిసార్లు ఆయనకే తక్కువ వచ్చింది. ఒకసారి సెకనుని పది వంతులు చేస్తే ఒక వంతు తేడా, ఇంకోసారి దాదాపు రెండు. ఒక్కసారి మాత్రం ఇద్దరికీ ఒకటే.

"చూశావా! ఇది చూశావా!" అని ఆయన ఆ ఒక్కదాన్నే పట్టుకున్నారు. తరవాత గడియారం బల్ల మీద పెట్టేశారు.

"నువ్వు తొందరపడుతున్నావేమో."

"అయ్యుండొచ్చు సర్." నిజంగానే అన్నాను. అంతకుముందు ఆ గడియారం నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"లూసిల్ చనిపోయిన ఏడాది నుంచి ఊరగాయ సీసా మూత తియ్యలేకపోతున్నాను. పక్కింటివాళ్ళు తీసిపెడుతున్నారు." లూసిల్ ఆయన భార్య. "నాలుగేళ్ళు. నాలుగేళ్ళలో ఎంతమందికి రాశాను?"

పాత నివేదికల నకళ్ళున్న అట్టపెట్టె తీశాను. ఏడుగురు. వాళ్ళలో రెనార్డ్ సగ్స్ పేరు దగ్గర ఆయన ఆగిపోయారు. రెనార్డ్‌ని పెద్ద జట్టువాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి పంపారు. ఇప్పుడు టైర్ల షాపులో చేస్తున్నాడు. కనబడినప్పుడల్లా డీకన్ గారు వాడితో "అంత వేగం ఇచ్చాడు దేవుడు, కష్టపడలేకపోయావు," అనేవారు. వాడు "అవును సర్" అనేవాడు.

సోమవారం జేవియన్‌ని మళ్ళీ మైదానానికి రమ్మన్నారు. ఒరీతా పని మానుకుని వచ్చింది. డీకన్ గారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఈసారి రెండు గడియారాలు. పరుగు ఒకటే. ఆయన దాంట్లో నాలుగు ముప్పై ఏడు. నా దాంట్లో నాలుగు యాభై రెండు.

జేవియన్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"వీటిల్లో నేనేది సర్?"

"తెలీదు నాన్నా."

"మీకు తెలీకపోవడమేంటి?" అంది ఒరీతా. "మూడు కౌంటీలు మీ మాట మీద పిల్లల్ని పంపిస్తాయి!"

"అదే నా భయం, ఒరీతా."

జేవియన్ నావైపు తిరిగాడు. "మేడమ్, మీరు రెప్ప వేశారేమో?"

"వేశానేమో," అన్నాను. వాడితో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"పోనీ ఆ పందొమ్మిది బంతులు? నన్ను ఎవడు దాటాడు? ఒక్కడి పేరు చెప్పండి!"

"ఎవడూ దాటలేదు. బంతి రానివాణ్ణి ఎలా కొలవాలో నాకు తెలీదు. గడియారం ఒకటి తెలుసనుకున్నా," అన్నారు డీకన్.

పదిహేనో తారీఖు వచ్చింది, పోయింది. జేవియన్ పేరివ్వలేదు. ఎందుకో వాడు చెప్పలేదు, వాళ్ళమ్మా చెప్పలేదు. చర్చిలో ఎదురైతే ఒరీతా నన్ను ఎప్పట్లాగే కావలించుకుంటుంది, కానీ కొంచెం ముందుగానే వదిలేస్తుంది. జేవియన్ పెన్ను మేడమ్ అనడం మానేశాడు. మంచి చేశానో, వాడి నోటిదగ్గరి కూడు తీశానో నాకిప్పటికీ తెలీదు.

డీకన్ గారు రెనార్డ్ ఉన్న టైర్ల షాపుకి వెళ్ళొచ్చారు. కారులో కూర్చున్నాక అడిగాను, "చెప్పారా సర్?"

"టైర్లలో గాలి సరిపోయిందన్నాడు."

మర్నాడు మళ్ళీ వెళ్ళారు. ఈసారి నన్ను రావద్దన్నారు.

సెప్టెంబరులో ఆటలు మొదలయ్యాయి. ఆయనకి కళ్ళు కూడా మసకేస్తున్నాయేమోనని అనుమానం పట్టుకుంది. నాకూ బైనాక్యులర్స్ కొన్నారు. "జేవియన్ ఎడమ కాలు నాది. కుడి కాలు నీది," అన్నారు. నాలుగో ఆటలో, ఆఖరి నిమిషాల్లో, అవతలివాళ్ళు జేవియన్ వైపే బంతి విసిరారు. స్టేడియం ఒక్కసారి లేచి అరిచింది. మెట్లు అదిరాయి.

"పట్టాడా? ఏమైంది?" అన్నారు ఆయన నా మోచెయ్యి పట్టుకుని.

"నేను కుడి కాలు చూస్తున్నా సర్."

కిందికి చూశాను. మూడో వరసలో ఒరీతా నిలబడి ఉంది, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. అది సంతోషమో మరోటో వెనక నుంచి తెలియలేదు.

"సరే, చూసింది రాయి," అన్నారు డీకన్.

రాశాను. 'బంతి ఇంకా గాల్లో ఉండగానే కుడి కాలు తిరిగింది.'