రెండోసారికి లేచే చేయి

ఆశీర్వాదం మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. వేలంపాట చెవిన పడితే చాలు, ఆయన కుడిచేయి దానంతట అదే లేస్తుంది. ముప్పై అయిదేళ్ళు లెక్కల మాస్టారుగా పిల్లలందరి చేతా చేతులెత్తించిన పాపం ఊరికే పోతుందా? "ఒకటోసారి" అంటున్నంతసేపూ ఆ చేయి ఒళ్ళో బుద్ధిగా పడుకునే ఉంటుంది. "రెండోసారి" అన్న మాట మైకులోంచి పూర్తిగా బయటికి రాకముందే, ఎక్కం అప్పజెప్పడానికి లేచినట్టు గాల్లో ఉంటుంది.

పెనుగొండకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊరి లూథరన్ చర్చిలో ఏటా కోత పండుగ జరుగుతుంది. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. ధాన్యం బస్తా తెచ్చేవాళ్ళున్నారు, గుడ్లు తెచ్చేవాళ్ళున్నారు. పొలం లేనివాళ్ళు చేత్తో చేసిందేదో తెస్తారు. ఆరాధన కాగానే అక్కడే వేలం. కొన్నది ఇంటికి పోతుంది, డబ్బు చర్చికి పోతుంది. మాస్టారింట్లో మాత్రం డబ్బుతో పాటు శాంతి కూడా పోతుంది.

మూడేళ్ళ కిందట ఆయన చంకలో ఒక కోడిపుంజుతో ఇంటికొచ్చారు. దానికి ఒక కన్ను లేదు. తెల్లవారుజామున హాయిగా పడుకుని మధ్యాహ్నం రెండింటికి కూస్తుంది.

"ఇదేంటండీ?" అంది ఆయన భార్య ప్రసన్నకుమారి.

"జాతిపుంజు ప్రసన్నా! దీని ముత్తాత జమీందారు గారి దివాణంలో గడియారం చూసి కూసేదట."

"ఆ గడియారం ఏ దేశానిదండీ?"

తరవాతి ఏడు టీవీ మీద కప్పుకునే అల్లిక గుడ్డ తెచ్చారు. వాళ్ళ టీవీ గోడకి బల్లిలా అంటుకుని ఉంటుంది. దాని మీద గుడ్డ నిలబడాలంటే మేకులు కొట్టాలి. "దుమ్ము పడదు ప్రసన్నా" అన్నారాయన. చివరికి ఆ గుడ్డ పుంజు గంప మీదికి చేరింది. గులాబీపూల అల్లిక కింద ఆ పుంజు పెళ్ళికూతురిలా కూర్చుంటుంది. ఇక నిమ్మకాయంత గుమ్మడికాయొకటి మంచం కింద ఏడాదిగా కాపురం ఉంటోంది. అది వడియాలకి చాలదు, పారేయడానికి ఆయన ఒప్పుకోరు.

ఈ జబ్బుకి మతం పట్టింపు కూడా లేదు. వినాయక చవితి పందిట్లో పాట జరుగుతుంటే ఎవరూ పిలవకుండానే వెళ్ళి కూర్చున్నారు. పెద్ద రైతులు మీసాలు దువ్వుకుంటూ లడ్డూ కోసం పోటీ పడుతుంటే ఈయన ఆవులించారు. చివర్న బుల్లియ్య అనే కూలీ తన పెరట్లోంచి తెచ్చిన అరటిగెల వచ్చింది. కాయలు వేలెడేసి ఉన్నాయి. చేయి లేచింది.

"కొంటే గింటే ఆ లడ్డూ అయినా కొనచ్చు కదండీ!" అని ప్రసన్నకుమారి తల పట్టుకుంది.

"లడ్డూ ఎవరైనా కొంటారు" అన్నారాయన, అదే పెద్ద కారణమైనట్టు.

ప్రసన్నకుమారికి ఉన్నది ఒకే ఒక కోరిక. వాషింగ్ మెషిన్. అరవై దాటాక మణికట్లు మాట వినడం మానేశాయి. దుప్పటి పిండినరోజు అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్ళు ముడవవు. ఆవిడ ఏడాదంతా కూడబెట్టడం, కోత పండుగ నాటికి ఆ కవరు చిక్కిపోవడం, మూడేళ్ళుగా ఇదే తంతు. ఈ ఏడు మళ్ళీ సరిపడా సమకూరింది. తణుకు కొట్టులో మెషిన్ చూసి కూడా వచ్చింది. ఆదివారం నాడు ఆ చేయి లేవకపోతే సోమవారం మెషిన్ దిగుతుంది.

"ఈసారి చేయెత్తనని మాటిస్తున్నాను" అన్నారు మాస్టారు.

"మీ మాట మీద నాకు నమ్మకం ఉందండీ. మీ చేయి మీదే లేదు" అని, ఆవిడ పాత నేతచీర చించి, ఆయన కుడిచేతిని మెడలోంచి జోలెకట్టులా కట్టేసింది. మూడు ముళ్ళు వేసింది. ఆయన కట్టిన ముళ్ళకి బదులు తీరిపోయింది. డబ్బున్న కవరు తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

చర్చి గుమ్మంలో అందరూ అడిగారు. "స్నానాలగదిలో కాలు జారిందండీ" అని ఆవిడ చెప్పేలోపే మాస్టారు అందుకున్నారు. ఒకరికి ఆంబోతు కుమ్మిందన్నారు. ఇంకొకరికి కొబ్బరిచెట్టు మీంచి పడ్డానన్నారు. పాస్టరు గారితో, "రాత్రి బైబిల్లో యాకోబులాగే దూతతో పెనుగులాడానండీ. ఆయనకి తొడ దగ్గర పట్టేసింది, నాకు భుజం" అన్నారు.

మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. అందుకే నలభై ఏళ్ళుగా ప్రసన్నకుమారికి అన్ని తలల మీదుగా కనిపించింది లేచిన చేయి ఒక్కటే. ఈసారి కాపలా కోసం, భుజం వంక పెట్టి, ఆయన పక్కనే కూర్చుంది.

ఎరువుల కొట్టు విజయ్ పాల్ మైకు పట్టుకున్నాడు. కేకు వెయ్యిన్నరకి పోయింది. పందెంకోడిలాంటి పుంజు అంతకంటే ఎక్కువకి పోయింది. కట్టు కదల్లేదు. ప్రసన్నకుమారి మనసులో మెషిన్ తిరగడం మొదలైంది.

"చిన్నమ్మాయి గారి ఆనపకాయండీ! ఒకటే కాయండీ! యాభై రూపాయలండీ, ఆయ్, పాడండి!"

చిన్నమ్మాయి కూలిపని చేసుకుంటుంది. వానలకి పాదు కుళ్ళిపోగా ఆ ఒక్క కాయా దక్కింది. అదీ గొడుగు పిడిలా వంకర తిరిగింది.

"కొడవలి అనుకున్నానండీ!" అన్నారెవరో. అందరూ నవ్వారు. వెనక చాప మీద కూర్చున్న చిన్నమ్మాయీ నవ్వింది. కానీ అందరి నవ్వూ ఆగాక ఆవిడ తల దించుకుని, కొంగు మీద లేని దుమ్ము దులుపుకోవడం మొదలుపెట్టింది.

"యాభై... ఒకటోసారి..."

ప్రసన్నకుమారి భర్త వైపు చూసింది. ఆయన కాయని చూడటం లేదు, విజయ్ పాల్‌నీ చూడటం లేదు. మెడ తిప్పి చిన్నమ్మాయిని చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. ప్రసన్నకుమారి చెవి దగ్గర పెట్టింది.

"పాడండర్రా... ఎవరైనా పాడండర్రా..."

నలభై ఏళ్ళలో ఈ మాట ఆవిడకి వినబడటం ఇదే మొదలు. ఒకటోసారంతా ఆయన కూర్చునేది ఎవరైనా పాడతారేమోనని! ఒంటికన్ను పుంజుని తెచ్చినవాడెవరో, చూపు ఆనకపోయినా గుడ్డ అల్లిన ముసలమ్మ ఎవరో ఆవిడకి ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

"రెండోసారి..."

కట్టులో కుడిచేయి ఎగిరింది. ముళ్ళు గట్టివి, లేవలేదు. మాస్టారు భార్య వైపు చూశారు, కట్టేసిన దూడ చూసినట్టు.

"వంద!" అంది ప్రసన్నకుమారి. చేయెత్తింది ఆవిడే.

తలలన్నీ అటు తిరిగాయి. అంతలో పక్కనుంచి ఎడంచేయి లేచింది. "రెండొందలు!"

"ఏవండీ, నేను పాడానుగా!"

"అయితే? అలాంటి కాయ ఊరికే వదులుకుంటానా?"

"మూడొందలు!" అందావిడ, పౌరుషం వచ్చి.

"అయిదొందలు!"

"మాస్టారండీ, అమ్మగారండీ, మీ మీద మీరే పాడుకుంటున్నారండీ!" అని మొత్తుకున్నాడు విజయ్ పాల్.

"పాట దగ్గర ఆవిడ వేరు, నేను వేరయ్యా" అన్నారు మాస్టారు.

"మరి మీ డబ్బేదండీ?"

"అది మాత్రం ఆవిడ బ్యాగులోనే ఉంది."

పాస్టరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. పాట రెండు వేలకి చేరింది, కేకుని దాటేసింది. ఇంకెవరూ నోరెత్తకముందే విజయ్ పాల్ గబగబా మూడోసారి అనేశాడు. వెనక చాప మీద చిన్నమ్మాయి తలెత్తి, ఆ వరసంతా వినేలా చెబుతోంది: "ఇత్తనం మా అమ్మదండీ. ఏటా నేనే దాత్తాను."

మెషిన్‌కి సరిగ్గా ఆ రెండు వేలూ తక్కువయ్యాయి. సోమవారం అది రాలేదు. దుప్పట్లు మాత్రం నానబెట్టి ఉన్నాయి. కట్టు విప్పించుకున్న మాస్టారు పంచె ఎగ్గట్టి, నూతి చప్టా మీద వాటిని బాదుతున్నారు. ప్రసన్నకుమారి వసారాలో కూర్చుని ఆనపకాయ తరుగుతోంది. వంకరదైనా కండ వెన్నలా ఉంది, గింజలు మాత్రం ముదిరాయి.

"అసలు సంగతి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"ఏ సంగతి?"

"అదే, ఆ పుంజునీ, గుడ్డనీ ఎందుకు కొన్నారో."

మాస్టారు దుప్పటి పిండటం ఆపి, అమాయకంగా మొహం పెట్టారు. "చెప్పాను కదా ప్రసన్నా. అది జాతిపుంజు. ముత్తాత దివాణంలో..."

గులాబీపూల గుడ్డ కింద పుంజు కూసింది. టైము రెండయింది.

"జాతిదేనండీ" అంది ప్రసన్నకుమారి, ఆనపకాయలోంచి ఏరిన గింజలు కొంగున ముడేసుకుంటూ. "లేకపోతే ఇంత కరెక్టుగా కూస్తుందా?"