బావ ఎక్కించిన పెద్ద టైర్లు

మా కారుకు పెద్ద టైర్లు ఎక్కించింది మా బావ, అంటే నా భర్త అన్న. స్నేహితుడి బరాత్‌కని కారు అడిగి తీసుకెళ్లి, జీపంత ఎత్తు చేసి తిరిగి తెచ్చాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుని గరగరమనేది. అడిగితే, "టైర్లే కదా, నడుపుట్ల ఏం ఫరక్ రాదు. ఊళ్లె జర ఇజ్జత్ ఉంటది," అన్నాడు. ఆ ఇజ్జత్ నా నెత్తిన పడుతుందని నాకేం తెలుసు?

ఝరాసంగం దగ్గర బడిలో నేను లెక్కలు చెప్తాను. రోజూ ఆ కారులోనే వెళ్లేదాన్ని. ఒకరోజు అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద చిరాగ్‌పల్లి వైపు పోతుంటే, ముందున్న చెరుకు ట్రాలీ ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు బలంగానే తొక్కాను. కారు నేననుకున్న చోట ఆగలేదు. పోయి ట్రాలీని గుద్దేశాం. అత్తమ్మ మణికట్టు విరిగింది.

"మీటరు ముల్లు అరవై మీదనే ఉండె," అని దవాఖానలో చుట్టాలందరి ముందు ఏడుస్తూ చెప్పాను. బావ నవ్వాడు.

"అరవైల పోతే గింత దెబ్బ తగులుతదా? ఆడోళ్ల చేతికి బండి ఇస్తే గిట్లనే అయితది."

నా భర్త తల దించుకున్నాడు. కారు తాళం బావ జేబులోకి పోయింది. నేను షేరింగ్ ఆటోలో ఇరుక్కుని బడికి వెళ్లసాగాను. గుంత వచ్చినప్పుడల్లా బావను తిట్టుకున్నాను.

కారు బాగుచేయించాక ఓసారి నా భర్త అన్న దగ్గర తాళం అడిగి తెచ్చి నడుపుతుంటే, నా ఫోన్‌లోని మ్యాప్ మా వేగం అరవై ఏడని చూపిస్తోంది. ముల్లేమో అరవై దగ్గరుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో మీటరుకు తెలుసు. చక్రమే పెద్దదైందని దానికెవరు చెప్పారు? ఒక్కో చుట్టుకూ ఎక్కువ దూరం పోతున్నాం. పైగా ఆ బరువైన చక్రాలను ఆపడానికి బ్రేకు ఇంకా కష్టపడాలి. ఒళ్లు మండింది. ఆ వెంటనే పట్టరాని సంతోషం కూడా వేసింది. నా భర్తకు చెప్పలేదు. చెబితే అన్నను గుట్టుగా కాపాడేవాడు. అందరి ముందు నేను పడ్డ మాటకు అందరి ముందే జవాబు చెప్పాలనుకున్నాను.

అత్తమ్మ కట్టు విప్పించే రోజు బావే నడిపాడు. వెనక సీట్లో అత్తమ్మ, నా తోటికోడలు, నేను. మ్యాప్ తెరిచి ఫోన్‌ను అత్తమ్మ చేతిలో పెట్టాను.

"బావా, ఎంతల పోతున్నరు?"

"అరవై. నీ లెక్క గాదు."

"అత్తమ్మా, ఫోన్‌ల ఎంతుందో జర చదువు."

"అరవై ఏడు," అంది ఆమె. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా నిమ్మళంగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాను.

"అయితే గిదంతా నీ టైర్ల పనా?" అంది అత్తమ్మ, కొడుకు భుజం మీద కట్టున్న చెయ్యి పెట్టి. "కోడల్ని గన్ని మాటలంటివి కదరా!"

బావ మెడ వెనక చెమట పట్టడం చూస్తూ కూర్చున్నాను. నా కడుపు చల్లబడింది.

కారుకు పాత టైర్లు వచ్చాయి, తాళం నా సంచిలోకి వచ్చింది. పెద్ద టైర్లను నేనే బావ ఇంటి గుమ్మం పక్కన పేర్పించాను. తీయనివ్వను. వచ్చిన చుట్టమల్లా ఇవేంటని అడుగుతాడు. బావ గొంతు సవరించుకుంటాడు. ఆయన చెప్పకపోతే అత్తమ్మ చెప్తుంది, సగమే తిరిగే ఆ మణికట్టు చూపిస్తూ.