మూడు వేళ్ళ పిడి

ఎవరికీ చిన్న గీత కూడా పడకుండా, మొన విరిగిన పాత బాకుతో నా పెళ్ళి నేనే తెగ్గొట్టుకున్నాను. అదెలా సాధ్యమంటారా? నాలాంటి మేధావికి సాధ్యం కానిదేముంటుంది చెప్పండి!

డెబ్భైల్లో నేను అమలాపురంలో సోషల్ మాస్టర్ని. సుగుణ మా బళ్ళోనే లెక్కలు చెప్పేది. ఆమె వరండాలో నడిచి వెళితే చాలు, అశోకుడి యుద్ధం అక్బరు చేత చేయించేసేవాణ్ణి. ఒక ఆదివారం నన్ను చూస్తామని వాళ్ళ నాన్నగారు రాజోలు రమ్మన్నారు. పేరు దేవసహాయం గారు, మిలిటరీలో చేసి వచ్చిన మనిషి.

ముందురోజే సుగుణ హెచ్చరించింది. "మాస్టారూ, ఇంటికి ఎవరొచ్చినా నాన్నగారు యుద్ధమప్పుడు బర్మా నించి తెచ్చిన బాకు చూపిస్తారండి. బావుందనండి, చాలు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. అని ఊరుకున్నానా? సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి ఆయుధాల పుస్తకమొకటి బొమ్మలతో సహా మింగేశాను. కాబోయే మామగారి ముందు పాండిత్యం వెలగబెట్టాలి కదా!

దేవసహాయం గారు కుడిచేతి మీద తువ్వాలు కప్పుకొని పడక్కుర్చీలో కూర్చున్నారు. బాకు ఎడంచేత్తో అందించారు. అంత మర్యాదస్తుడు ఎడంచేత్తో ఇచ్చారేమిటా అని అనుమానం రావాల్సిన చోట నాకు రాలేదు.

"అసలుదో కాదో, ఎంత చేస్తుందో చదువుకున్నోరు మీరు చెప్పాలండి" అన్నారు.

తిప్పి తిప్పి చూశాను. మొన లేదు. ఒళ్ళంతా తుప్పు. పిడి ఏదో కర్రతో చెక్కి రాగితీగ చుట్టినది.

"ఇది మిలిటరీది కాదండి. దొంగ సరుకు."

"ఆయ్."

"పిడి చూడండి, ఎవడో ఇంట్లో కూర్చుని చెక్కుకున్నాడు."

"ఆయ్."

పెద్దాయన ఒప్పేసుకుంటున్నారని నాకు ఊపొచ్చింది. గుమ్మంలోంచి సుగుణ తల అడ్డంగా ఊపుతోంది. నా తెలివికి నివ్వెరపోయిందనుకున్నాను.

"అసలు సాక్ష్యం ఇదిగోండి. వేళ్ళు పట్టడానికి మూడే నొక్కులు! మూడు వేళ్ళోణ్ణి ఏ మిలిటరీలో చేర్చుకుంటారండీ?" అని నా జోకుకి నేనే పడీపడీ నవ్వాను.

"మరి వెల?"

"పాత ఇనుము కింద జీళ్ళవాడికి వేస్తే గుప్పెడు జీళ్ళొస్తాయండి."

ఆయన తువ్వాలు తీశారు. కుడిచేతికి చిటికెన వేలూ, దాని పక్క వేలూ లేవు. ఆ చేత్తోనే పిడి పట్టుకున్నారు. కొలిచి కుట్టిన చొక్కాలా అమిరింది.

"నిజమేనండి. అసలు పిడి నా వేళ్ళతో పాటే పోయింది. ఇది ఆస్పత్రిలో పక్కమంచం కుర్రోడు నా చెయ్యి కొలుచుకుని చెక్కేడండి. ఆడు మళ్ళీ ఇంటికి రాలేదు" అన్నారు. ఆ వెంటనే, "టీ చల్లారిపోతుంది, తాగండి" అన్నారు.

టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాను. గేటు దాకా వచ్చి సాగనంపారు. "కబురు చేస్తామండి" అన్నారు. కోనసీమలో పుట్టినవాణ్ణి, ఆ మర్యాదకి అర్థం తెలియనివాణ్ణి కాను. అయినా ఆ ఏడాదంతా రాజోలు బస్సు వచ్చినప్పుడల్లా పరిగెత్తి చూశాను. వేసవి తరవాత సుగుణకి బదిలీ అయింది. సుద్దపొడి అంటిన ఆమె వేళ్ళు, "మాస్టారూ" అనే ఆ పిలుపు... ఇప్పటికీ బడిగంట వింటే ప్రాణం లాగేస్తుంది.

ఎనభైల్లో ఒకసారి రావులపాలెం బస్టాండులో కనిపించింది. భర్త కాస్త దూరంలో అరటిపళ్ళు బేరమాడుతున్నాడు.

"ఈయనకీ బాకు చూపించేరండి నాన్నగారు" అంది.

"ఈయనేమన్నారండి?"

"'నాకు కత్తుల గురించి తెలీదండి, దీని కథేంటో మీరే చెప్పండి' అన్నారు. నాన్నగారు పొద్దుపోయేదాకా చెప్పేరు. చెప్పి చెప్పి, పెళ్ళి ఖాయం చేసేసి లేచేరు."

నవ్వింది. నేనూ నవ్వాను. బస్సు కదిలాక మాత్రం నవ్వలేకపోయాను.

కాబట్టి మహాజనులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ముందు ఎవరు ఏం పెట్టినా, ఆఖరికి కత్తిపీట పెట్టినా సరే, "నాకు తెలీదండి, మీరే చెప్పండి" అని చేతులు కట్టుకు కూర్చుంటాను. నేను సిద్ధమే. రాజోలు నుంచి ఆ కబురే ఇంకా రాలేదు.