హోల్డాన్ అంటే ఆగు

నా కొడుకు పోయి మూణ్ణెల్లయితుంది. నిన్న ఇచ్చోడ బస్టాండుల కండక్టరు "హోల్డాన్" అని ఒర్లంగనే నా చిన్నతనం యాదికొచ్చింది. మనకప్పుడు ఇంగిలీసు ఏడొచ్చు అక్కలారా? బస్సు ఆగాల్నంటే హోల్డాన్, పోవాల్నంటే రైట్ రైట్. గంతే.

ఒకసారి ఆదిలాబాద్ పోతుంటే నన్ను కన్న అవ్వ నీళ్లకని దిగింది. ఆమె ఎక్కకముందే బస్సు కదిలింది. నేను భయంతోని "హోల్డాన్!" అని మొత్తుకున్న. బస్సు ఆగింది.

"ఏం పిల్లా, నా కొలువు గుంజుకుంటవా?" అని కండక్టరు నవ్విండు. అవ్వ ఉరికొచ్చి, తడి చేతులతోని నన్ను గట్టిగ పట్టుకుంది.

ఒక్క మాటంటే ఏదన్న ఆగుతదనుకున్న గప్పుడు. దవాఖానల కొడుకు చెయ్యి వట్టుకొని "ఆగు బిడ్డా, జర ఆగు" అని ఎన్నిసార్లన్ననో. వాడు ఆగలే.